“ఎంతిస్తుంది?” కాదు, ఎంత తాగిందో చెప్పండి

మన తెలుగువాడికి ఏ బండి చూపించినా నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. “ఎంతిస్తుంది?” మోపెడ్ అయినా అంతే, అంబాసిడర్ అయినా అంతే. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీద ఉందో లేదో వంగి మరీ చూసుకునే జాతి మనది. సముద్రాలు దాటి వచ్చినా, లీటర్లు పోయి గ్యాలన్లు వచ్చినా, పెట్రోలుని గ్యాస్ అనడం అలవాటైనా ఆ ప్రశ్న మాత్రం మనల్ని వదల్లేదు. అది మంచి ప్రశ్నే. నా గొడవంతా దానికి వచ్చే జవాబుతోటీ, ఆ జవాబుని పట్టుకుని మనం ఇచ్చే తీర్పులతోటీ.

నా దగ్గర 1999 నాటి షెవర్లే కార్వెట్ ఒకటుంది. ఐదో తరం, అంటే సీ5. 5.7 లీటర్ల వీ8 ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. రోజూ ఆఫీసుకెళ్ళేది వేరే కారులో. దీన్ని తీసేది వారాంతాల్లోనే. పాతికేళ్ళు దాటిన కారు కాబట్టి దీన్నిప్పుడు “కలెక్టిబుల్” అని గౌరవంగా పిలుస్తున్నారు. మా ఇంటావిడ పిలిచే పేరు వేరే ఉంది, అది ఇక్కడ అనవసరం.

ఈ కారు పుణ్యమా అని నాకు రెండు రకాల మనుషులు తగులుతుంటారు.

మొదటి రకం మన పార్టీల్లో. బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని గరాజ్‌లోకి తొంగిచూసి, “ఇది గ్యాలనుకి పది కూడా ఇవ్వదేమో కదా బాసూ? ఈ రోజుల్లో పర్యావరణం గురించి కూడా కాస్త ఆలోచించాలి” అంటారు. అన్నాయన మా డ్రైవ్‌వేలో పెట్టిన బండి మూడు వరసల సీట్ల ఎస్‌యూవీ. అందులో వచ్చింది ఇద్దరు.

రెండో రకం పాత కార్ల వాళ్ళు. ఆదివారం పొద్దున్నే ఏ కాఫీ షాపు పార్కింగులోనో బానెట్లు ఎత్తుకుని నిలబడే బాపతు. “నాది హైవే మీద 32 ఇస్తుంది తెలుసా” అంటారు. ఫోన్లో ఫోటో కూడా ఉంటుంది. డాష్‌బోర్డు మీద 32 అని పచ్చగా వెలుగుతున్న అంకె.

పార్టీల్లో వినేది తిట్టు, పార్కింగులో వినేది డబ్బా. కానీ ఇద్దరూ చేస్తున్నది ఒకటే పని. ఎంత వేగంలో, ఎన్ని మైళ్ళకి, ఎవరు కొలిస్తే వచ్చిందో చెప్పకుండా ఒక్క అంకెని గాల్లోకి విసరడం. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన జబ్బే. “నా మెషీన్ మీద బాగానే నడుస్తోంది” అంటాడు చూడండి, హైవే మైలేజీ కూడా అలాంటి మాటే. ఈ వ్యాసం ఆ ఇద్దరి మీదా.

ముందు తిట్టేవాళ్ళ సంగతి. “పెద్ద ఇంజను కాబట్టి ఎక్కువ తాగుతుంది” అన్నది వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఊళ్ళో సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోతే నిజం కూడా. హైవే మీద మాత్రం ఈ లెక్క పనిచెయ్యదు. గంటకి 70 మైళ్ళ స్థిరమైన వేగంతో పోతున్నప్పుడు ఏ కారుకైనా కావలసింది గాలిని చీల్చుకుపోవడానికీ, టైర్లని దొర్లించడానికీ చాలినంత శక్తి మాత్రమే. ఇంజను ఎంత పెద్దదన్నదానికంటే అప్పుడు అది ఎన్ని చుట్లు తిరుగుతోంది, దాని ముందున్న కారు ఆకారం ఏమిటి అన్నవే ముఖ్యం.

సీ5కి ఆరో గేరు నిష్పత్తి 0.50. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.42. టైరు ఎత్తు కూడా కలిపి లెక్కేస్తే, 70 మైళ్ళ దగ్గర ఆ వీ8 నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది. దాదాపు నిద్రపోతున్నట్టే. అదే కాలం నాటి ఇంకో కలెక్టిబుల్, అందరూ ముద్దుచేసే చిన్న కారు, మొదటి తరం మాజ్డా మియాటాని తీసుకోండి. 1.6 లీటర్ల ఇంజను. ఐదో గేరులో అదే వేగానికి 3,600 చుట్ల దాకా తిరుగుతుంది. నా కారు ఇంజను దానికి మూడున్నర రెట్లు పెద్దది. అయినా హైవే మీద రెండింటి అధికారిక మైలేజీ ముప్పైకి కాస్త ఇటుగానే ఉంటుంది. పైగా సీ5 గాలి నిరోధక గుణకం 0.29, అంటే గాలికి పెద్దగా అడ్డుపడని ఆకారం. నేలకి అంగుళాల ఎత్తులో పాక్కుంటూ పోయే కారుకీ, అలమారాని నిలబెట్టి తోసినట్టుండే ఎస్‌యూవీకీ గాలి ఒకే పన్ను వెయ్యదు కదా!

కాబట్టి “పది కూడా ఇవ్వదేమో” అన్నవాళ్ళకి జవాబు: ఇస్తుంది. ఇక్కడితో ఆపేస్తే నేనూ రెండో రకంలో చేరిపోతాను. అందుకని ఇప్పుడు డబ్బా కొట్టుకునేవాళ్ళ సంగతి.

నా కారు కొత్తగా అమ్మినప్పుడు అద్దం మీద అంటించిన కాగితం ప్రకారం ఊళ్ళో 18, హైవే మీద 28. ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ లెక్క అది. ఇప్పటికీ పాత కార్ల అమ్మకం ప్రకటనల్లో ఈ 28నే ఎత్తి రాస్తుంటారు. మరి ఆ హైవే పరీక్ష ఎలా చేస్తారో ఎప్పుడైనా చూశారా? కారు రోడ్డెక్కదు. గదిలో రోలర్ల మీద పది మైళ్ళ పైచిలుకు నడుపుతారు. సగటు వేగం 48 మైళ్ళు. గరిష్ఠంగా 60. పుట్టింది 1970ల నాటి అమెరికాలో. అప్పట్లో హైవే అంటే అదే మరి. 1973 చమురు సంక్షోభం తర్వాత, 1974 జనవరిలో నిక్సన్ సంతకం పెట్టిన చట్టంతో దేశమంతటా 55 మైళ్ళ పరిమితి వచ్చింది. 1987లో ఊళ్ళకి దూరంగా ఉన్న ఇంటర్‌స్టేట్‌ల మీద 65 దాకా సడలించారు, 1995లో పూర్తిగా ఎత్తేశారు. 2012లో టెక్సాస్ ఒక టోల్ రోడ్డు మీద 85 కూడా పెట్టింది. రోడ్డు అంత దూరం వెళ్ళిపోయినా పరీక్ష మాత్రం చాలాకాలం 48 దగ్గరే కూర్చుంది.

పరీక్షలో వచ్చిన అంకెకీ రోడ్డు మీద వచ్చేదానికీ పొంతన లేదని జనం గోలపెడితే, 1985 మోడళ్ళ నుంచి హైవే అంకెని 22 శాతం కోసి రాయడం మొదలుపెట్టారు. నా 28 అలా కోసిన అంకే. అదీ చాల్లేదని 2008 మోడళ్ళ నుంచి 80 మైళ్ళ దాకా వెళ్ళే పరీక్ష, ఏసీ వేసి చేసే పరీక్ష, గడ్డకట్టే చలిలో చేసే పరీక్ష కూడా కలిపారు. ఆ కొత్త లెక్కలోకి మారిస్తే నా 28 కాస్తా 26 అవుతుంది. కారు అదే, ఇంజను అదే, మారింది కొలబద్ద. అయినా 1999 కాగితం మీది 28ని, నిన్న మొన్నటి కారు కాగితం మీది 28 పక్కన పెట్టి “చూశావా, ఇరవై అయిదేళ్ళలో ఏం సాధించారు?” అని ఎకసెక్కాలాడేవాళ్ళు నాకు వారానికొకరైనా కనిపిస్తారు. పాత రూపాయినీ కొత్త రూపాయినీ ఒకే విలువకి మార్చుకునే షావుకారు వీళ్ళకెక్కడ దొరికాడో!

ఇక ఆ ఫోటోలోని 32. అదెలా వస్తుందో చెప్తాను, మీరూ తెప్పించుకోవచ్చు. చదునైన రోడ్డు చూసుకోండి. వెనక గాలి ఉంటే మరీ మంచిది. 60 దగ్గర ఆరో గేరులో పెట్టి క్రూజ్ కంట్రోల్ వెయ్యండి. కారు బాగా వేడెక్కాక సగటు మైలేజీ మీటరుని సున్నా చెయ్యండి. అయిదు మైళ్ళు పోయాక ఫోటో తియ్యండి. అంతే, జన్మంతా చెప్పుకోవడానికి ఒక అంకె తయారు. బయల్దేరినప్పుడు చల్లటి ఇంజను తాగింది, ఎక్కిన వంతెన, దారిలో పడ్డ ట్రాఫిక్ ఇవేవీ ఆ ఫోటోలో పడవు. ఎవరైనా కొంచెం ఎత్తు తక్కువ టైర్లు వేయించుకుని ఉంటే ఓడోమీటరే నడవని మైళ్ళని కూడా కలిపి చూపిస్తుంది. మరింత మైలేజీ, పైసా ఖర్చు లేకుండా!

అసలు సంగతి వేగంలో ఉంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళ్తే వేగం పెరిగింది మూడోవంతే, గాలి వెనక్కి నెట్టే బలం మాత్రం 78 శాతం పెరుగుతుంది. టైర్ల ఒరిపిడీ, ఇంజను లోపలి ఒరిపిడీ అంతగా పెరగవు కాబట్టి మైలేజీ అదే లెక్కన పడిపోదు, కానీ పడుతుంది. ట్యాంకు నింపి, మళ్ళీ నింపి, కాగితం మీద భాగహారం చేస్తే నా కారు లెక్కలివి: 65 దగ్గర నిలకడగా పోతే 29, 80 దగ్గర 25, ఊళ్ళో 16. ఏడాది మొత్తం సగటు 23. అమ్మేవాడు మీకు చెప్పేది 29. మీ జేబులోంచి పోయేది 23.

ఇంకో చిన్న సంగతి. ఇక్కడ బంకుల్లో దొరికేది చాలామటుకు పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో గ్యాలనుకి శక్తి పెట్రోలు కంటే మూడోవంతు తక్కువ. కాబట్టి కలిపిన పెట్రోలుతో మైలేజీ మూడు శాతం చొప్పున తగ్గుతుంది. పరీక్షలో పోసి 28 తెప్పించినది ఇథనాల్ లేని పెట్రోలు. 2025లో మన దేశంలో ఇరవై శాతం ఇథనాల్ మీద జరిగిన రభస చూసినవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఈ పరీక్షల మాయలో కంపెనీలూ ప్రభుత్వమూ కూడా తక్కువేం తినలేదు. నా కారులో ఒక విచిత్రముంది. మొదటి గేరులో మెల్లగా కదిలి రెండోది వేద్దామంటే పడదు. లోపల ఒక మీట అడ్డుపడి నన్ను నేరుగా నాలుగో గేరులోకి నెట్టేస్తుంది. 1989 నుంచీ మాన్యువల్ కార్వెట్లలో ఉన్న ఏర్పాటు ఇది. పరీక్షలో అంకె మెరుగుపరచుకుని “గ్యాస్ గజ్లర్” పన్ను తప్పించుకోవడానికి పెట్టింది. నడిపేవాళ్ళలో చాలామంది మొదటి వారంలోనే దాన్ని పీకి పారేస్తారు. మా రోజుల ఎంసెట్ కోచింగే గుర్తొస్తుంది నాకు. పరీక్ష రాశాక ఆ చిట్కాలు ఎవరికి గుర్తున్నాయి?

ఆ పన్ను కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1978 చట్టంతో వచ్చిందది. సగటున గ్యాలనుకి 22.5 మైళ్ళు ఇవ్వని కొత్త కారు మీద 1,000 నుంచి 7,700 డాలర్ల దాకా వేస్తారు. కారు మీద మాత్రమే సుమా! ఎస్‌యూవీలకీ, పికప్ ట్రక్కులకీ, మినీవ్యాన్లకీ అది వర్తించదు. రెండు సీట్ల కారు 21 ఇస్తే పాపం, ఏడు సీట్ల అలమారా 16 ఇస్తే సంసారపక్షం. మా గరాజ్‌లో నిలబడి నాకు నీతి చెప్పే పెద్దమనిషి తన బండి గురించి ఒక్కసారి కూడా ఇబ్బంది పడకపోవడానికి ఈ చట్టం కూడా కొంత కారణమే. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. ఇక్కడ ఆ నలుపుని చట్టమే దగ్గరుండి కప్పిపెట్టింది.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద మోసం. అది మైలేజీ అనే కొలతలోనే ఉంది. గ్యాలనుకి ఎన్ని మైళ్ళు అన్నది తలకిందుల లెక్క. మనం గ్యాలన్లు కొనుక్కుని తిరిగే ఊళ్ళు వెతుక్కోం కదా! వెళ్ళాల్సిన ఊళ్ళు ముందే ఉంటాయి, వాటికి ఎంత పెట్రోలు పట్టిందన్నదే అసలు లెక్క. డ్యూక్ విశ్వవిద్యాలయంలో లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో ఈ భ్రమ మీదే వ్యాసం రాశారు. మీరే చూడండి. ఏడాదికి 10,000 మైళ్ళు తిరిగే ఒకాయన 10 ఇచ్చే బండి తీసేసి 20 ఇచ్చేది కొన్నాడు. ఇంకొకాయన 25 ఇచ్చేది తీసేసి 50 ఇచ్చేది కొన్నాడు. పార్టీలో చప్పట్లు రెండో ఆయనకే. మొదటాయన మిగిల్చింది 500 గ్యాలన్లు, రెండో ఆయన మిగిల్చింది 200. ఈ గందరగోళం పోవాలనే 2013 మోడళ్ళ నుంచి కొత్త కారు కాగితం మీద “వంద మైళ్ళకి ఇన్ని గ్యాలన్లు” అని కూడా రాస్తున్నారు. చిన్న అక్షరాల్లో. ఎవరూ చదవరు.

ఆ కొలబద్దతో ఇప్పుడు మా పార్టీకి వద్దాం. నేను కార్వెట్‌ని ఏడాదికి 2,500 మైళ్ళు తిప్పుతాను. 23 చొప్పున 109 గ్యాలన్లు. రోజూ తిరిగే హైబ్రిడ్ సెడాన్‌లో 10,000 మైళ్ళు, 45 చొప్పున 222 గ్యాలన్లు. మొత్తం 331. ఆ పెద్దమనిషి ఎస్‌యూవీ సగటు 20 అని ఆయనే చెప్పాడు, ఏడాదికి 15,000 మైళ్ళని కూడా ఆయనే చెప్పాడు. 750 గ్యాలన్లు. ఆయన మాట విని నేను కార్వెట్ అమ్మేసి, ఆ వారాంతపు మైళ్ళన్నీ 50 ఇచ్చే కారులో తిరిగితే మిగిలేది 59 గ్యాలన్లు. ఆయన అదే ఏడు సీట్లతో 36 ఇచ్చే హైబ్రిడ్ మినీవ్యాన్ కొంటే మిగిలేది 333. అంటే నా రెండు కార్లూ కలిసి ఏడాదంతా తాగినంత. కానీ మినీవ్యాన్ అంటే మన వాళ్ళకి నామోషీ. పర్యావరణం కంటే నామోషీ పెద్దది.

అలాగని పాత కారు పతివ్రత అని నేననను. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు, “అన్నా, దీనికి 28 వస్తుందట కదా, ఆఫీసుకి తిరగడానికి ఒకటి కొనేద్దామనుకుంటున్నా” అన్నాడు. కొనొద్దని గట్టిగా చెప్పాను. అతను తిరిగేది ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో. అక్కడొచ్చేది 28 కాదు, 16. 12,000 మైళ్ళకి 750 గ్యాలన్లు, అదీ ఖరీదైన ప్రీమియం పెట్రోలు. అద్దె, విద్యారుణం కట్టుకునే పిల్లాడికి ప్రకటనలోని హైవే అంకె చూపించి అమ్మడం అంటే నా దృష్టిలో జేబు కొట్టడమే. ఈ డబ్బారాయుళ్ళ మీద నా కోపానికి అసలు కారణం ఇదే.

ఇంకోటి, మైలేజీ వేరు, పొగ వేరు. అమెరికా కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్లు విరివిగా వచ్చింది 1975 మోడళ్ళ నుంచి. అంతకు ముందు కార్లు ఎంత మైలేజీ ఇచ్చినా మైలుకి వదిలే విషవాయువులు చాలా ఎక్కువ. “నా 1969 కారు హైవే మీద 20 ఇస్తుంది” అన్నది ఆ పొగకి సమాధానం కాదు. తక్కువ తిప్పుతున్నాను అన్నదొక్కటే సమాధానం.

ఆ 1969 కార్ల వాళ్ళకి ఇంకో మాట. వాటికి ఓవర్‌డ్రైవ్ గేరు ఉండదు కాబట్టి హైవే మీద ఇంజను మూడు వేల చుట్లకి పైనే అరుస్తుంటుంది. కొత్త గేర్‌బాక్స్ బిగిస్తే “మైలేజీతోనే డబ్బు తిరిగొచ్చేస్తుంది” అని చెప్పి అమ్ముతుంటారు. సరే, 14 కాస్తా 18 అయిందనుకుందాం. ఏడాదికి 2,000 మైళ్ళకి మిగిలేది 32 గ్యాలన్లు. గ్యాలను 4 డాలర్లనుకున్నా 128 డాలర్లు. బిగింపుకి 4,000 అయితే తిరిగి రావడానికి ముప్పై ఏళ్ళు పైమాటే. చెవులకి హాయిగా ఉంటుందని బిగించుకోండి, తప్పు లేదు. పొదుపు పేరు మాత్రం ఎత్తకండి.

ఒక్క అంకెని నమ్ముకుంటే ఏమవుతుందో దేశం మొత్తం ఒకసారి చూసింది. 2009 వేసవిలో “క్యాష్ ఫర్ క్లంకర్స్” అని పథకం పెట్టారు. సగటు 18 కంటే ఎక్కువ ఇవ్వని, పాతికేళ్ళ లోపు బండి ఇచ్చేసి మెరుగైనది కొంటే 3,500 లేదా 4,500 డాలర్లు. సుమారు 6,77,000 బళ్ళు వచ్చాయి. మళ్ళీ ఎవరూ నడపకుండా వాటి ఇంజన్లలో నూనె తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా తిప్పి చంపారు. ఆ డబ్బు ఎంతన్నది తేల్చింది పాత అంకెకీ కొత్త అంకెకీ ఉన్న తేడా. ఆ బండి ఏడాదికి ఇరవై వేల మైళ్ళు తిరుగుతోందా, ముసలావిడ చర్చికి వెళ్ళి రావడానికి వెయ్యి మైళ్ళు తిరుగుతోందా అన్నది లెక్కలోకి రాలేదు. తాగేదెంతో చూడకుండా గ్లాసు సైజు చూసి తాగుబోతని ముద్రవేసినట్టు!

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పాత కారు కనిపిస్తే తప్పకుండా అడగండి. కానీ ఒక్క ప్రశ్న కాదు, మూడు అడగండి. ఎంత వేగంలో? ట్యాంకు నింపి కొలిచిందా, మీటరు చూసి చెప్తున్నదా? ఏడాదికి ఎన్ని మైళ్ళు? ఈ మూడింటికీ జవాబు లేనివాడు 32 అన్నా నమ్మకండి, 10 అన్నా నమ్మకండి.

అడిగాక అవే మూడు ప్రశ్నలు మీ బండికీ వేసుకోండి. పోయిన ఏడాది బంకు రసీదులు క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లో ఎలాగూ ఉంటాయి. కూడితే అరగంట పని. నా 331 నేను చెప్పేశాను. మీదెంతో తేల్చుకుని, ఆ తర్వాత మా గరాజ్‌కి రండి. బిర్యానీ నేనే పెడతాను, నీతులు మీరు చెబుదురుగాని.